ఆఫీసు కంప్యూటర్లలో ఎన్‌టీఎల్‌ఎం వెర్షన్ 1 లాగిన్‌ను ఆపడం ఎలా

మీ ఆఫీసులో ముప్పై నలభై విండోస్ కంప్యూటర్లు, ఒక సర్వర్, అందరూ వాడే షేర్ ఫోల్డర్లు, బ్యాకప్ కోసం పాత స్టోరేజ్ బాక్స్ ఒకటి, మూలన స్కాన్ చేసి ఫోల్డర్‌లోకి పంపే కాపియర్ ఒకటి ఉన్నాయనుకుందాం. ఏళ్ల కిందట ఆ స్టోరేజ్ బాక్స్ కొత్త కంప్యూటర్లతో కలవలేదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పు అంది. ఎవరో నెట్‌లో వెతికి, విండోస్‌లో ఒక సెట్టింగ్‌ను కిందికి దించితే పనవుతుందని చదివి, ఏకంగా డొమైన్ పాలసీలోనే (సర్వర్ నుంచి కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి వర్తించే నియమాల్లోనే) దించేశారు. బాక్స్ తెరుచుకుంది. అందరూ ఆ సంగతి మర్చిపోయారు. కానీ ఆ రోజు నుంచి, ఆ ఒక్క బాక్స్ కోసం, ఆఫీసులోని కంప్యూటర్లన్నీ బలహీనమైన పద్ధతిలో లాగిన్ అవుతున్నాయి.

ఆ పద్ధతి పేరే ఎన్‌టీఎల్‌ఎం వెర్షన్ 1. దాన్ని పని ఆగకుండా ఎలా తీసేయాలో ఇక్కడ చెప్తాను. సెట్టింగ్ మార్చడానికి రెండు నిమిషాలు చాలు. మార్చే ముందు రెండు వారాలు గమనించడమే అసలు పని. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో శుక్రవారం సాయంత్రం లాగ్‌లు చూడకుండానే సెట్టింగ్ మార్చి ఇంటికి వెళ్లిపోయాను. శనివారం పొద్దున స్కానింగ్ మెషిన్ నుంచి ఫోల్డర్‌లోకి ఒక్క కాగితం కూడా రాలేదు. డాక్టరుకు చూపించుకోవాల్సిన రిపోర్టుల కోసం వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా బెంచీల మీద కూర్చున్నారు. వాళ్లను చూశాక, లాగ్ చూడకుండా ఈ సెట్టింగ్‌ను మళ్లీ ఎక్కడా ముట్టుకోలేదు.

లోపం ఎక్కడుంది

మీరు షేర్ ఫోల్డర్ తెరిచినప్పుడు మీ పాస్‌వర్డ్ నేరుగా నెట్‌వర్క్ మీద వెళ్లదు. సర్వర్ ముందుగా 8 బైట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి పంపుతుంది. మీ కంప్యూటర్ తన దగ్గరున్న పాస్‌వర్డ్ హ్యాష్‌తో (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తుతో) ఆ సంఖ్యను ఎన్‌క్రిప్ట్ చేసి జవాబు పంపుతుంది. జవాబు సరిపోతే సర్వర్ లోపలికి రానిస్తుంది. ఆలోచన మంచిదే. వెర్షన్ 1లో ఆ జవాబు తయారుచేసే లెక్కే బలహీనం.

ఆ హ్యాష్ 16 బైట్లు. దాని చివర 5 సున్నా బైట్లు కలిపి 21 చేసి, ఏడేసి బైట్ల చొప్పున మూడు ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క డీఈఎస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతికి ఒక తాళంచెవి. మూడో ముక్కలో అసలు బైట్లు రెండే, మిగతావి సున్నాలు. అంటే దానికి ఉన్న అవకాశాలు 65,536 మాత్రమే. మామూలు ల్యాప్‌టాప్ కూడా క్షణంలో తేల్చేస్తుంది. మిగతా రెండు ముక్కలు 56 బిట్ల డీఈఎస్. ఆ డీఈఎస్‌ను 1998లోనే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ సొంతంగా కట్టిన యంత్రంతో 56 గంటల్లో విప్పి చూపించింది. మరుసటి ఏడాది జనవరిలో అది 22 గంటల 15 నిమిషాలకు తగ్గింది. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వెర్షన్ 1 జవాబులో మీ కంప్యూటర్ తన వైపు నుంచి కొత్తగా ఏమీ కలపదు. దొంగ తానే సర్వర్‌నని నటించి, ఎప్పుడూ ఒకే సంఖ్యను పంపితే, దానికి వచ్చే జవాబులన్నిటికీ ముందే పట్టికలు తయారుచేసి పెట్టుకోవచ్చు. పైగా హ్యాష్ చిక్కిందంటే పాస్‌వర్డ్ చిక్కినట్టే. ఎన్‌టీఎల్‌ఎంలో లాగిన్ కావడానికి హ్యాష్ ఉంటే చాలు, పాస్‌వర్డ్ అక్షరాలు తెలియాల్సిన అవసరం లేదు. మీరు ఇరవై అక్షరాల గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఇక్కడ అది కాపాడదు.

దీనికంటే పాతదైన ఎల్ఎం (ల్యాన్ మేనేజర్) పద్ధతి మరీ ఘోరం. పాస్‌వర్డ్‌లోని చిన్న అక్షరాలన్నీ పెద్దవైపోతాయి, 14 అక్షరాలు దాటితే పనికిరాదు, ఆ 14 కూడా ఏడేసి అక్షరాల రెండు ముక్కలుగా విడిపోతాయి. దొంగ రెండు చిన్న పాస్‌వర్డ్‌లు విడివిడిగా పట్టుకుంటే సరిపోతుంది.

వెర్షన్ 2 వచ్చింది 1998లో, విండోస్ ఎన్‌టీ 4.0 నాలుగో సర్వీస్ ప్యాక్‌తో. అందులో మీ కంప్యూటర్ తనదైన యాదృచ్ఛిక సంఖ్యను, సమయాన్ని కూడా జవాబులో కలుపుతుంది. ముందే తయారుచేసిన పట్టికలు ఇక్కడ పనిచేయవు. విండోస్ విస్టా నుంచి కంప్యూటర్లు మామూలుగా వెర్షన్ 2 జవాబే పంపుతాయి. విండోస్ 11లో 24హెచ్2 నుంచి, విండోస్ సర్వర్ 2025లో వెర్షన్ 1ను మైక్రోసాఫ్ట్ తీసేసింది కూడా. అయినా ఆఫీసుల్లో ఇది ఇంకా బతికి ఉందంటే, ఎవరో చేత్తో దించిన ఆ సెట్టింగ్ వల్లా, పాత సామాన్ల వల్లా.

ముందు ఇది తెలుసుకోండి: పంపేవైపు, ఒప్పుకునేవైపు

ఈ సెట్టింగ్ పేరు నెట్‌వర్క్ సెక్యూరిటీ: ల్యాన్ మేనేజర్ ఆథెంటికేషన్ లెవెల్. ఇందులో 0 నుంచి 5 దాకా ఆరు మెట్లు ఉంటాయి. 0, 1, 2 మెట్ల మీద ఉన్న కంప్యూటర్ పాత జవాబులు పంపుతుంది. 3 మీద ఉంటే తాను వెర్షన్ 2 మాత్రమే పంపుతుంది, కానీ ఎవరైనా పాత జవాబుతో తన దగ్గరికి వస్తే ఒప్పుకుంటుంది. 4 మీద ఎల్ఎంను కాదంటుంది. 5 మీద ఎల్ఎంను, వెర్షన్ 1ను రెండింటినీ కాదంటుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. 3 మీద ఉంది కదా, మేము భద్రమే అనుకుంటారు. పంపేవైపు భద్రమే. ఒప్పుకునేవైపు తలుపు ఇంకా తెరిచే ఉంది. మీ గమ్యం అన్ని కంప్యూటర్లలో, ముఖ్యంగా అందరి లాగిన్‌లను తనిఖీ చేసే సర్వర్ అయిన డొమైన్ కంట్రోలర్‌లో, 5.

ఒక కంప్యూటర్‌లో ఇప్పుడు ఏముందో చూడటానికి స్టార్ట్ మెనూలో లోకల్ సెక్యూరిటీ పాలసీ అని వెతికి తెరవండి. లోకల్ పాలసీస్, దాని కింద సెక్యూరిటీ ఆప్షన్స్. కుడివైపు జాబితాలో పైన చెప్పిన పేరు కనిపిస్తుంది. నాట్ డిఫైన్డ్ అని ఉంటే విండోస్ విస్టా, ఆ తర్వాతి వాటిలో 3 అని అర్థం. మార్చడానికి వీల్లేకుండా బూడిద రంగులో ఉంటే అది డొమైన్ పాలసీ నుంచి వస్తోందన్నమాట, అక్కడే చూడాలి. ఇప్పుడే ఏమీ మార్చకండి. ఏముందో కాగితం మీద రాసుకోండి, చాలు.

రెండు వారాలు గమనించండి

ఫైళ్లు ఉన్న సర్వర్‌లో, డొమైన్ కంట్రోలర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్ కింద సెక్యూరిటీ లాగ్ ఉంటుంది. ముందు దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు పెంచండి. మామూలుగా 20 ఎంబీ ఉన్నచోట రద్దీ ఉంటే ఒక రోజు రికార్డు కూడా మిగలదు, పాతవాటి మీదే కొత్తవి రాసేస్తుంది. 500 ఎంబీ అయినా ఇవ్వండి.

తర్వాత ఫిల్టర్ కరెంట్ లాగ్ నొక్కి ఈవెంట్ ఐడీ దగ్గర 4624 కొట్టండి. ఇది విజయవంతమైన లాగిన్. ఒక్కో ఈవెంట్ వివరాల్లో అట్టడుగున ప్యాకేజ్ నేమ్ అనే వరుస ఉంటుంది. అందులో ఎన్‌టీఎల్‌ఎం వీ1 అనో, వీ2 అనో రాసి ఉంటుంది. వేల ఈవెంట్లు ఒక్కొక్కటిగా తెరవక్కర్లేదు. ఫైండ్ బాక్స్‌లో ఎన్‌టీఎల్‌ఎం, ఒక ఖాళీ, వీ1 అని ఇంగ్లిష్‌లో కొట్టి వెతకండి.

దొరికిన ప్రతిదాంట్లో మూడు విషయాలు రాసుకోండి: ఏ యూజర్ పేరుతో, ఏ కంప్యూటర్ నుంచి, ఏ ఐపీ నుంచి. యూజర్ పేరు అనానిమస్ లాగాన్ అని ఉంటే దాన్ని వదిలేయండి. పాస్‌వర్డ్ లేని ఖాళీ కనెక్షన్‌కు కూడా విండోస్ వీ1 అని రాస్తుంది. అందులో దొంగిలించడానికి ఏమీ ఉండదు. ఇది తెలియక మొదటి రోజు వందల వరుసలు చూసి టెన్షన్ పడేవాళ్లున్నారు.

ఈ లాగ్ సర్వర్‌కు వచ్చేవాళ్లనే చూపిస్తుంది. మీ కంప్యూటర్లు బయట ఏ పాత పెట్టెకు వెళ్తున్నాయో తెలియాలంటే అదే సెక్యూరిటీ ఆప్షన్స్‌లో రెస్ట్రిక్ట్ ఎన్‌టీఎల్‌ఎం: అవుట్‌గోయింగ్ ఎన్‌టీఎల్‌ఎం ట్రాఫిక్ టు రిమోట్ సర్వర్స్ అనే దాన్ని ఆడిట్ ఆల్ అని పెట్టండి. డినై ఆల్ పక్కనే ఉంటుంది, పొరపాటున దాన్ని నొక్కకండి. ఆడిట్ పెడితే ఏదీ ఆగదు, రికార్డు మాత్రం రాస్తుంది. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఎన్‌టీఎల్‌ఎం, ఆపరేషనల్ అనే చోట 8001 నంబర్ ఈవెంట్లు వస్తాయి. ఇది వెర్షన్ చెప్పదు, ఎక్కడికి వెళ్తోందో చెప్తుంది. ఆ పేర్లలో పాత స్టోరేజ్ బాక్స్ కనిపిస్తే దాని సంగతి విడిగా చూడాలి.

రెండు వారాల్లో ఒక నెలాఖరు తప్పకుండా ఉండేలా చూసుకోండి. జీతాల రోజున మాత్రమే తెరిచే కంప్యూటర్, జీఎస్టీ రిటర్న్‌ల సమయంలో మాత్రమే వాడే షేర్ ఫోల్డర్ మామూలు రోజుల్లో లాగ్‌లో కనిపించవు.

దొరికిన పాత సామాన్లను ఒక్కొక్కటిగా తేల్చండి

కాపియర్లు మొదట. వాటి అడ్మిన్ పేజీలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఎస్ఎంబీ (విండోస్ షేర్ ఫోల్డర్లు నడిచే పద్ధతి) అనే భాగం ఉంటుంది. ఎన్‌టీఎల్‌ఎం వెర్షన్ ఎంచుకునే వీలు చాలా మోడళ్లలో ఉంటుంది, మనవాళ్లు చూసి ఉండరంతే. లేకపోతే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం సర్వీస్ ఇంజినీరును అడగండి. అదీ రాకపోతే స్కాన్‌ను ఫోల్డర్‌కు బదులు ఈమెయిల్‌కు గానీ, యూఎస్‌బీకి గానీ మార్చండి. కాపియర్‌లో పెట్టిన యూజర్ కూడా చూడండి. దానికి అడ్మినిస్ట్రేటర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి ఉంచడం నేను చాలా చోట్ల చూశాను. ఒక్క ఫోల్డర్‌లో రాయగలిగే చిన్న యూజర్‌ను దానికోసం విడిగా తయారుచేయండి.

స్టోరేజ్ బాక్సులు, లినక్స్ సర్వర్లు చాలావరకు సాంబా అనే షేర్ ఫోల్డర్ల సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. 2016లో వచ్చిన సాంబా 4.5 నుంచి వెర్షన్ 1 మామూలుగా మూసే ఉంటుంది. అంతకంటే పాతదైతే అప్‌డేట్ చేయండి. కొత్తదే అయినా కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఎన్‌టీఎల్‌ఎం ఆథ్ అనే వరుసకు ఎవరైనా యస్ అని పెట్టి ఉంటే ఆ వరుస తీసేసి సర్వీస్ మళ్లీ స్టార్ట్ చేయండి.

విండోస్ ఎక్స్‌పీ మీద నడిచే ల్యాబ్ మెషిన్లు, సీఎన్‌సీ మెషిన్ల పక్కనుండే కంప్యూటర్లు కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. ఎక్స్‌పీకి వెర్షన్ 2 తెలుసు, కానీ మామూలుగా 0 మెట్టు మీద ఉంటుంది. అదే సెట్టింగ్‌ను అందులో 3కు పెంచితే చాలాసార్లు పనవుతుంది. దాని గడియారం మాత్రం చూడండి. వెర్షన్ 2 జవాబులో సమయం కలుస్తుంది కాబట్టి, మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ ఎక్కడో పాత ఏడాదిలో ఆగిపోతే పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ కాదు. చిన్న నాణెం లాంటి బ్యాటరీ మారిస్తే తీరిపోయే సమస్య అది.

ఆఫీసు వైఫైకి యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతుంటే దాన్ని కూడా జాబితాలో రాసుకోండి. అక్కడ వాడే ఎంఎస్-చాప్ వెర్షన్ 2 పేరుకు వెర్షన్ 2 అయినా లోపల ఇదే మూడు ముక్కల డీఈఎస్ లెక్క. 2012లో భద్రతా పరిశోధకుడు మాక్సీ మార్లిన్‌స్పైక్ దాన్ని విప్పి చూపించాడు. వైఫై లాగిన్ సర్వర్ ఫ్రీరేడియస్ అనే సాఫ్ట్‌వేర్ అయితే సెట్టింగ్ మార్చిన వెంటనే ఒక ఫోన్‌తో పరీక్షించండి. ఆగిపోయే అవకాశం ఉన్నవాటిలో అది ముందు ఉంటుంది.

ఎంత చేసినా మారని మెషిన్ ఒకటి మిగిలితే, దానికోసం అందరి తాళం బలహీనం చేయకండి. దాన్ని వేరే వీల్యాన్‌లో (మిగతావాటితో కలవని విడి నెట్‌వర్క్ భాగంలో) పెట్టి, ఫైళ్లు మార్చుకోవడానికి మధ్యలో చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టండి. ఆ మధ్య కంప్యూటర్‌లో వాడే పాస్‌వర్డ్ ఇంకెక్కడా ఉండకూడదు. ఖర్చు అవుతుంది, యజమానికి చెప్పడం కష్టమే. అయినా ఆ ఖర్చు ఒక మెషిన్‌కే పరిమితం.

ఇప్పుడు సెట్టింగ్ మార్చండి

వరుస ముఖ్యం. ముందు పంపేవాళ్లను, తర్వాత ఒప్పుకునేవాళ్లను మార్చాలి. తిరగేసి చేస్తే పాత జవాబు పంపే ప్రతి కంప్యూటరూ ఒకేసారి బయట నిలబడిపోతుంది.

డొమైన్ ఉంటే గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్‌లో కొత్త పాలసీ ఒకటి తయారుచేయండి. ఉన్న డిఫాల్ట్ డొమైన్ పాలసీని ముట్టుకోవద్దు, కొత్తదైతే ఏదైనా తేడా వచ్చినప్పుడు దాన్ని తీసేస్తే చాలు. కంప్యూటర్ కాన్ఫిగరేషన్, పాలసీస్, విండోస్ సెట్టింగ్స్, సెక్యూరిటీ సెట్టింగ్స్, లోకల్ పాలసీస్, సెక్యూరిటీ ఆప్షన్స్ దాకా వెళ్లి ల్యాన్ మేనేజర్ ఆథెంటికేషన్ లెవెల్‌ను సెండ్ ఎన్‌టీఎల్‌ఎం వీ2 రెస్పాన్స్ ఓన్లీ, రెఫ్యూజ్ ఎల్ఎం అండ్ ఎన్‌టీఎల్‌ఎం అని పెట్టండి. ముందు మీ సొంత కంప్యూటర్‌కు, రెండు రోజుల తర్వాత ఒక విభాగానికి, ఆ తర్వాత కంప్యూటర్లన్నిటికీ. ఫైల్ సర్వర్, ఆఖరున డొమైన్ కంట్రోలర్. పాత పాలసీలో ఎవరో దించిన సెట్టింగ్ ఉంటే దాన్ని కూడా తీసేయండి, లేకపోతే ఏ పాలసీ గెలుస్తుందో తెలియక అవస్థ పడతారు.

డొమైన్ లేని చిన్న ఆఫీసు అయితే ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి లోకల్ సెక్యూరిటీ పాలసీలో మార్చాలి. హోమ్ ఎడిషన్‌లో ఆ స్క్రీన్ ఉండదు. రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషిన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, ఎల్ఎస్ఏ అనే చోట ఎల్ఎం కంపాటిబిలిటీ లెవెల్ అనే పేరును ఖాళీలు లేకుండా ఇంగ్లిష్‌లో కలిపి రాసి, 32 బిట్ డీవర్డ్‌గా తయారుచేసి, విలువ 5 ఇవ్వండి. మార్చే ముందు ఆ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి.

అక్కడే డు నాట్ స్టోర్ ల్యాన్ మేనేజర్ హ్యాష్ వాల్యూ ఆన్ నెక్స్ట్ పాస్‌వర్డ్ చేంజ్ అనేది ఎనేబుల్డ్‌గా ఉందో లేదో చూడండి. పేరులోనే విషయం ఉంది: పాస్‌వర్డ్ మార్చినప్పుడే పాత ఎల్ఎం హ్యాష్ పోతుంది. ఈ సెట్టింగ్ ఎవరైనా తీసేసి ఉన్నట్టయితే అందరి పాస్‌వర్డ్‌లూ ఒకసారి మార్పించక తప్పదు.

మార్చిన తర్వాతి వారం ఎవరైనా ఫోన్ చేసి, పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నాను, తీసుకోవట్లేదు అంటే వెంటనే పాస్‌వర్డ్ రీసెట్ చేయకండి. తిరస్కరించిన పాత జవాబు కూడా తప్పు పాస్‌వర్డ్ లాగానే కనిపిస్తుంది. ముందు ఆ కంప్యూటర్ ఏ మెట్టు మీద ఉందో చూడండి, తర్వాత గడియారం చూడండి. సర్వర్‌లో విఫలమైన లాగిన్ 4625 నంబర్‌తో వస్తుంది, ఎవరు తంటాలు పడుతున్నారో వాళ్లు ఫోన్ చేయకముందే అందులో తెలుస్తుంది.

పక్కనున్న తలుపులు

వెర్షన్ 2కు మారినా ఒక దాడి మిగులుతుంది. దొంగ మీ జవాబును విప్పడు, అలాగే పట్టుకుని ఇంకో సర్వర్‌కు అందించి మీ పేరుతో లోపలికి వెళ్తాడు. దీన్ని రిలే అంటారు. దానికి మందు ఎస్ఎంబీ సైనింగ్. సెక్యూరిటీ ఆప్షన్స్‌లోనే మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ సర్వర్, మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ క్లయింట్ అని మొదలయ్యే రెండు వరుసల్లో డిజిటల్లీ సైన్ కమ్యూనికేషన్స్, ఆల్వేస్ అన్నవి ఎనేబుల్ చేయండి. విండోస్ 11 ప్రో 24హెచ్2లో ఇది ముందే తప్పనిసరి. కొత్త కంప్యూటర్ కొన్న రోజు నుంచి పాత స్టోరేజ్ బాక్స్ తెరుచుకోవట్లేదంటే కారణం తరచుగా ఇదే.

షేర్ ఫోల్డర్ పేరు ఎవరైనా తప్పుగా టైప్ చేస్తే కంప్యూటర్ ఆ పేరు ఎవరిదని నెట్‌వర్క్ అంతా కేకేస్తుంది. దొంగ నాదే అంటాడు, కంప్యూటర్ నమ్మి లాగిన్ జవాబు అతనికే ఇస్తుంది. పాలసీలో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, నెట్‌వర్క్, డీఎన్ఎస్ క్లయింట్ కింద టర్న్ ఆఫ్ మల్టీకాస్ట్ నేమ్ రిజల్యూషన్‌ను ఎనేబుల్ చేస్తే ఆ కేకల్లో ముఖ్యమైనది ఆగుతుంది. డొమైన్ లేని ఆఫీసులో కంప్యూటర్లు ఒకదాన్నొకటి ఇలాగే కనుక్కుంటూ ఉండవచ్చు, కాబట్టి ఒకదాంట్లో పరీక్షించాకే మిగతావాటిలో పెట్టండి.

విండోస్ ఫీచర్స్‌లో ఎస్ఎంబీ 1.0 టిక్ ఉంటే తీసేయండి. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది దాని లోపం వల్లే, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా అప్పుడు దెబ్బతిన్నాయి. వెర్షన్ 1 లాగిన్ అడిగే పాత సామాన్లే ఎస్ఎంబీ 1ను కూడా అడుగుతాయి, రెండూ ఒకేసారి వదిలించుకోవచ్చు.

లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అన్ని కంప్యూటర్లలో ఒకటే పెట్టి ఉంటే, ఒక్క కంప్యూటర్ హ్యాష్‌తో మిగతావన్నీ తెరుచుకుంటాయి. డొమైన్ ఉన్నవాళ్లకు విండోస్ ల్యాప్స్ ఉంది. 2023 ఏప్రిల్ నుంచి అది విండోస్‌లోనే కలిసి వస్తోంది. ఒక్కో కంప్యూటర్‌కు వేరే పాస్‌వర్డ్ తానే పెట్టి, గడువుకొకసారి తానే మారుస్తుంది. డొమైన్ లేనివాళ్లు విడివిడి పాస్‌వర్డ్‌లు పెట్టి పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోవాలి.

డొమైన్ ఉన్నచోట మ్యాప్ చేసిన డ్రైవ్‌లు కూడా ఒకసారి చూడండి. షేర్ ఫోల్డర్‌ను ఐపీ నంబర్‌తో తెరిస్తే విండోస్ మామూలుగా ఎన్‌టీఎల్‌ఎం వాడుతుంది. అదే సర్వర్ పేరుతో తెరిస్తే కెర్బరోస్ అనే మరింత భద్రమైన లాగిన్ పద్ధతి వాడుతుంది. నంబర్ల స్థానంలో పేర్లు పెట్టిన రోజే మీ 8001 ఈవెంట్లు బాగా తగ్గడం కనిపిస్తుంది.

లాగ్‌లో అనుమానం కనిపిస్తే

గమనించే రెండు వారాల్లో మీకు తెలియని ఐపీ నుంచి, అర్ధరాత్రి, అడ్మిన్ పేరుతో వీ1 లాగిన్ దొరికిందనుకోండి. అప్పుడు సెట్టింగ్ పని పక్కన పెట్టండి. ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ తీయండి, ఆఫ్ చేయకండి, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. సెక్యూరిటీ లాగ్‌ను వేరే డ్రైవ్‌లో సేవ్ చేయండి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటు సంగతి తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. చిన్న కంపెనీ కదా అని ఊరుకోకుండా యజమానికి ఈ గడువు సంగతి ముందే చెప్పి ఉంచండి.

అంతా బాగుంటే, మార్చిన నెల తర్వాత మళ్లీ 4624 ఈవెంట్లలో వీ1 వెతకండి. అనానిమస్ తప్ప ఏదీ ఉండకూడదు. ఇంకో చోట కూడా ఓ కన్నేసి ఉంచండి. హార్డ్ డిస్క్ పోయి ఎవరైనా పాత బ్యాకప్ ఇమేజ్ నుంచి కంప్యూటర్‌ను తిరిగి నిలబెడితే, ఆ ఇమేజ్‌లోని పాత మెట్టు, పాత పాస్‌వర్డ్‌లు కూడా దాంతోపాటే తిరిగి వస్తాయి. డొమైన్‌లో ఉంటే పాలసీ దాన్ని మళ్లీ 5కు తెస్తుంది. డొమైన్ లేకపోతే మీరే వెళ్లి మార్చాలి.